అభిశంసించినా పదవి ఎందుకు పోదు? అమెరికా చరిత్ర చెప్పే జవాబు

డొనాల్డ్ ట్రంప్‌ను అమెరికా ప్రతినిధుల సభ 2019 డిసెంబరులో ఒకసారి, 2021 జనవరిలో మరోసారి అభిశంసించింది. రెండుసార్లూ ఆ వార్త చదివిన తెలుగువారికి వచ్చిన సందేహం ఒకటే: ‘అభిశంసించారు కదా, మరి పదవి పోలేదేం?’ 1998లో బిల్ క్లింటన్ విషయంలోనూ ఇదే సందేహం. దీనికి సరిగ్గా ఎదురుగా మరో పొరపాటు ఉంది. రిచర్డ్ నిక్సన్‌ను అభిశంసించి దించేశారని చాలామంది గట్టిగా నమ్ముతారు. నిజానికి ప్రతినిధుల సభ ఆయనను అభిశంసించనే లేదు.

అభిశంసనకు గురైనవారు కుర్చీలోనే ఉన్నారు, గురికానివారు కుర్చీ వదిలి వెళ్లారు. ఈ తికమక విడిపోవాలంటే ముందు మాట దగ్గరే కాసేపు ఆగాలి.

## మాటకు అర్థం నేరం మోపడం, అంతవరకే

సంస్కృతంలో అభిశంసనం అంటే నేరం మోపడం, నింద వేయడం. తీర్పు చెప్పడం కాదు, శిక్షించడం అంతకన్నా కాదు. ఆ రకంగా చూస్తే తెలుగు పత్రికలు ఎంచుకున్న మాట చాలా సరైనది. చిక్కల్లా వాడుకలో వచ్చింది. చట్టసభ ఒకరిని మందలిస్తూ చేసే తీర్మానాన్ని కూడా మనం అభిశంసన తీర్మానం అనే అంటున్నాం. న్యాయమూర్తిని తొలగించే ప్రక్రియనూ అదే పేరుతో పిలుస్తున్నాం. ఒక్క మాట మూడు పనులు చేస్తుంటే చదివేవారు తడబడటంలో ఆశ్చర్యం లేదు.

అమెరికా రాజ్యాంగం ఈ పనిని రెండు సభల మధ్య పంచింది. నేరం మోపే అధికారం ప్రతినిధుల సభ ఒక్కదానిదే. అక్కడ సాధారణ మెజారిటీ చాలు. పోలీసులు అభియోగపత్రం దాఖలు చేయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆ అభియోగాన్ని విచారించే అధికారం సెనెట్ ఒక్కదానిదే. సెనెటర్లు ప్రమాణం చేసి కూర్చుంటారు. ప్రతినిధుల సభ తరఫున కొందరు సభ్యులు ప్రాసిక్యూటర్లలా వాదిస్తారు, ఆరోపణలు ఎదుర్కొంటున్నవారి తరఫున న్యాయవాదులు బదులిస్తారు. దేశాధ్యక్షుడి మీద విచారణ అయితే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షత వహిస్తారు. చివరికి హాజరైన సెనెటర్లలో మూడింట రెండు వంతుల మంది ‘దోషి’ అంటేనే పదవి పోతుంది. తర్వాత ఇంకెప్పుడూ ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పదవి చేపట్టకుండా అనర్హత విధించవచ్చు. అది వేరే ఓటు. దానికి సాధారణ మెజారిటీ సరిపోతుందన్నది సెనెట్ అనుసరిస్తున్న పద్ధతి.

శిక్ష ఈ రెండింటితో సరి. జైలు లేదు, జరిమానా లేదు. అదే పని చట్టం ప్రకారం నేరం కూడా అయితే మామూలు కోర్టులో మళ్లీ కేసు నడవవచ్చని రాజ్యాంగమే చెబుతోంది.

లెక్క చూద్దాం. సెనెట్‌లో ఇప్పుడు 100 మంది. అందరూ వస్తే 67 ఓట్లు కావాలి. 90 మందే వస్తే 60 చాలు. 2021 ఫిబ్రవరి 13న ట్రంప్ రెండో విచారణలో 57 మంది ‘దోషి’ అన్నారు, 43 మంది ‘కాదు’ అన్నారు. అది స్పష్టమైన మెజారిటీయే. అయినా పది ఓట్లు తగ్గాయి కాబట్టి ఆయన నిర్దోషి.

## అవిశ్వాస తీర్మానానికీ దీనికీ తేడా

మనకు బాగా అలవాటైనది అవిశ్వాస తీర్మానం. అందుకే అమెరికా వ్యవహారాన్ని కూడా తెలియకుండానే ఆ కళ్లతో చూస్తాం. 1999లో రెండు నెలల తేడాతో జరిగిన రెండు ఓటింగులను పక్కపక్కన పెడితే తేడా తేటపడుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షలో 269–270తో ఓడిపోయింది. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. వాజ్‌పేయి ఏదో నేరం చేశారని ఆ తీర్మానం ఎక్కడా అనలేదు, అనవలసిన అవసరమూ లేదు. సభకు నమ్మకం పోతే చాలు. అదే ఏడాది ఫిబ్రవరి 12న అమెరికా సెనెట్‌లో క్లింటన్ మీద ఒక అభియోగానికి 50–50 ఓట్లు పడ్డాయి. ఆయన కుర్చీ కదలలేదు.

పార్లమెంటరీ పద్ధతిలో ప్రధాని సభలోంచి వస్తాడు, సభ వద్దంటే పోతాడు. అమెరికా అధ్యక్షుడు సభ ఎంపిక కాదు. నాలుగేళ్ల గడువుతో విడిగా ఎన్నికవుతాడు. ఆయన విధానాలు నచ్చలేదన్న కారణం మీద సభ దించేయగలిగితే ఆ ఎన్నికకు అర్థం ఉండదు. అందుకే ‘ఏదో తప్పు చేశాడు’ అన్న ఆరోపణ తప్పనిసరి, పైగా మూడింట రెండు వంతుల ఓట్లు కావాలన్న అడ్డుగడియ. ఈ రెండు షరతుల్లో ఏది ఎక్కువ బరువు మోసింది అన్నదే రెండు శతాబ్దాల అభిశంసన చరిత్ర అని నాకు అనిపిస్తుంది. నా అంచనాలో బరువంతా గడియే మోసింది. ‘తప్పు’ అంటే ఏమిటో ఇప్పటికీ తేలలేదు.

మన రాజ్యాంగం సంగతి కూడా ఇక్కడే ఒక ముక్క. అందులో అభిశంసన అన్నది 61వ అధికరణంలో రాష్ట్రపతికి మాత్రమే వాడిన మాట. సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల విషయంలో రాజ్యాంగం వాడింది తొలగింపు అన్న మాటే. దానికి ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసిన వారిలో మూడింట రెండు వంతులు, రెండూ కావాలి. 1993లో జస్టిస్ వి. రామస్వామి తొలగింపు తీర్మానానికి లోక్‌సభలో 196 ఓట్లు అనుకూలంగా పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ పడలేదు, 205 మంది ఓటింగుకు దూరంగా ఉన్నారు. తీర్మానం వీగిపోయింది. ఇక్కడ మౌనం కూడా వ్యతిరేక ఓటు పనే చేస్తుంది. అమెరికా సెనెట్‌లో సభకే రాకపోతే కావలసిన సంఖ్య తగ్గుతుంది. ఒకే ప్రక్రియ అనుకునేవాటి మధ్య ఇంత దూరం.

## ఫిలడెల్ఫియాలో వినిపించిన భారత దేశపు పేరు

అభిశంసనను అమెరికన్లు ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నారు. అక్కడ 1376లోనే పార్లమెంటు రాజుగారి కొలువులోని విలియం లాటిమర్ మీద నేరం మోపింది. రాజును నేరుగా తాకలేని సభకు ఆయన మంత్రులను, ఉద్యోగులను నిలదీయడానికి అది దారి. కానీ అక్కడి శిక్షలకు హద్దు లేదు. ఆస్తుల జప్తు, జైలు, ప్రాణం తీయడం వరకు వెళ్లవచ్చు.

1787లో ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగ సభ జరుగుతున్న వేసవిలోనే లండన్‌లో ఒక పెద్ద అభిశంసన మొదలైంది. ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్‌గా పనిచేసి వెళ్లిన వారెన్ హేస్టింగ్స్ మీద ఎడ్మండ్ బర్క్ నడిపిన వ్యవహారం అది. కాశీ రాజు చైత్ సింగ్‌ను పీడించడం, అవధ్ బేగంల సొత్తు లాక్కోవడం అందులో ముఖ్యమైన ఆరోపణలు. దీనికి కొన్నేళ్ల ముందే మద్రాసు గవర్నర్ థామస్ రంబోల్డ్ మీద కూడా పార్లమెంటు కన్నెర్రచేసింది. 1778లో ఉత్తర సర్కారుల జమీందారులను మద్రాసుకు రప్పించి శిస్తు ఒప్పందాలు చేసుకున్న తీరు ఆ వివాదంలో ఒక భాగం. అంటే మన శ్రీకాకుళం, గోదావరి సీమల జమీందారుల గోడు కూడా ఆ రోజుల్లో లండన్ చేరింది. అయితే రంబోల్డ్ మీద వాడింది అభిశంసన కాదు. పార్లమెంటే చట్టం చేసి ఒక వ్యక్తిని శిక్షించే పద్ధతి. అది 1783లో మధ్యలోనే ఆగిపోయింది. విచారణ లేకుండా చట్టంతో మనిషిని శిక్షించే ఆ పద్ధతిని అమెరికా రాజ్యాంగం పూర్తిగా నిషేధించింది. విచారణ ఉన్న అభిశంసనను మాత్రం ఉంచుకుంది.

ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వాదన సూటిగా ఉంది. చెడ్డ పాలకుణ్ని తొలగించే చట్టబద్ధమైన దారి లేకపోతే జనం హత్యకు దిగుతారు, అందులో అతనికి తన నిర్దోషిత్వం చెప్పుకునే అవకాశం కూడా ఉండదు అన్నాడు. దారి ఉండాలన్నది తేలింది. ఏయే తప్పులకు అన్నది తేలలేదు. ముసాయిదాలో దేశద్రోహం, లంచం అన్న రెండే ఉన్నాయి. సెప్టెంబరు 8న వర్జీనియాకు చెందిన జార్జ్ మేసన్ లేచి హేస్టింగ్స్ పేరెత్తాడు. హేస్టింగ్స్ చేసినవి దేశద్రోహం కిందికి రావు, అయినా అవి ఘోరాలే కదా, అలాంటివి తప్పించుకుపోకూడదు అన్నది ఆయన మాట. ‘దుష్పరిపాలన’ను కూడా చేర్చమన్నాడు. జేమ్స్ మాడిసన్ అడ్డుపడ్డాడు. అంత వదులైన మాట పెడితే అధ్యక్షుడు సెనెట్ దయ ఉన్నంతకాలమే పదవిలో ఉంటాడు అన్నాడు. మేసన్ ఆ మాట తీసేసి, ఇంగ్లండులో నాలుగు వందల ఏళ్లుగా వాడుతున్న మరో పదబంధం పెట్టాడు. చివరికి రాజ్యాంగంలో నిలిచింది ఇది: ‘దేశద్రోహం, లంచం, లేదా ఇతర మహానేరాలు, దుష్ప్రవర్తనలు’.

ఆ చివరి ముక్కకు నిర్వచనం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. హేస్టింగ్స్ మాత్రం ఏడేళ్లకు పైగా విచారణ ఎదుర్కొని 1795లో నిర్దోషిగా బయటపడ్డాడు.

## తొలి మూడు కేసులు, మూడు పాఠాలు

మొదట చిక్కినవాడు ఒక సెనెటర్. టెనెసీకి చెందిన విలియం బ్లౌంట్. స్పెయిన్ చేతిలోని ఫ్లోరిడా, లూసియానా ప్రాంతాలను బ్రిటిషువారు ఆక్రమించుకునేలా కుట్ర చేశాడని 1797 జులై 7న ప్రతినిధుల సభ అభిశంసించింది. మర్నాడే సెనెట్ తన సొంత అధికారంతో ఆయనను సభ నుంచి బహిష్కరించింది. 1799లో విచారణకు వచ్చేసరికి సెనెట్ 14–11 ఓట్లతో ఇది తన పరిధిలోకి రాదని కేసు కొట్టేసింది. అప్పటి నుంచి కాంగ్రెస్ (రెండు సభలూ కలిసిన అమెరికా చట్టసభ) సభ్యుల మీద అభిశంసన జరగలేదు. వారికి బహిష్కరణ ఉంది కాబట్టి అవసరమూ పడలేదు.

రెండో కేసు చదివితే మనసు నొచ్చుకుంటుంది. న్యూ హాంప్‌షైర్ జిల్లా న్యాయమూర్తి జాన్ పికరింగ్ తాగి కోర్టుకు వచ్చేవాడు, మతిస్థిమితం తప్పింది. పిచ్చివాడు నేరం ఎలా చేస్తాడు? నేరం లేకుండా తొలగింపు ఎలా? జబ్బుపడిన న్యాయమూర్తిని పక్కకు తప్పించే మరో దారి రాజ్యాంగంలో లేదు. 1804 మార్చిలో సెనెట్ ఆయనను తొలగించింది. అయితే ఓటు వేసేటప్పుడు ‘మహానేరం చేశాడా’ అని అడగకుండా, ‘ఆరోపించిన ప్రకారం దోషియా’ అని మాత్రమే అడిగారు. అసలు ప్రశ్నను అలా పక్కకు నెట్టారు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి శామ్యూల్ చేజ్ ఫెడరలిస్టు పార్టీకి వీరాభిమాని. ధర్మాసనం మీంచే రాజకీయ ఉపన్యాసాలు చేసేవాడు. విచారణల్లో ముద్దాయిల న్యాయవాదులను కసురుకునేవాడు. అప్పుడు అధికారంలో ఉన్నది జెఫర్సన్ నాయకత్వంలోని రిపబ్లికన్లు (నేటి రిపబ్లికన్ పార్టీ వేరు). ప్రతినిధుల సభ ఎనిమిది అభియోగాలు మోపింది. 34 మంది ఉన్న సెనెట్‌లో రిపబ్లికన్లు 25 మంది. కావలసింది 23 ఓట్లే. అంతా ఒక్కమాట మీద నిలబడితే చేజ్ ఇంటికి పోవలసిందే. 1805 మార్చి 1న ఓట్లు లెక్కపెడితే ఏ అభియోగానికీ 19కి మించి రాలేదు. రిపబ్లికన్లలోనే కొందరు వెనక్కి తగ్గారు. న్యాయమూర్తి ప్రవర్తన చెడ్డదే కావచ్చు, కానీ అతని తీర్పులు, అభిప్రాయాలు నచ్చకపోవడం తొలగింపుకు కారణం కారాదు అన్న కట్టుబాటు ఆ రోజు పుట్టింది. చట్టంలో రాసినది కాదు, ఒక ఓటింగు మిగిల్చిన సంప్రదాయం. 2025 మార్చిలో ట్రంప్ తనకు వ్యతిరేకంగా ఉత్తర్వులిచ్చిన ఒక న్యాయమూర్తిని అభిశంసించాలన్నప్పుడు, తీర్పుతో విభేదిస్తే అప్పీలు చేయాలే తప్ప అభిశంసన తగిన మార్గం కాదని, రెండు శతాబ్దాలకు పైగా ఇదే స్థిరపడిందని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ప్రకటించారు. ఆ రెండు శతాబ్దాల లెక్క మొదలయ్యేది చేజ్ దగ్గరే.

## 1868: ఒక్క ఓటు

అంతర్యుద్ధం ముగిసి లింకన్ హత్యకు గురయ్యాక ఉపాధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ అధ్యక్షుడయ్యాడు. బానిసత్వం నుంచి బయటపడిన నల్లవారికి హక్కులు ఇవ్వాలని కాంగ్రెస్, ఓడిన దక్షిణాది రాష్ట్రాల పట్ల మెతకగా ఉండాలని జాన్సన్. కాంగ్రెస్ చేసిన చట్టాలను ఆయన తిప్పిపంపేవాడు, కాంగ్రెస్ మళ్లీ ఆమోదించేది. అసలు గొడవ ఇదీ.

అయితే అభియోగపత్రంలో ఎక్కువ భాగం దీని గురించి కాదు. సెనెట్ సమ్మతి లేకుండా కొందరు అధికారులను తొలగించరాదని కాంగ్రెస్ 1867లో ఒక చట్టం చేసింది. జాన్సన్ యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్‌ను తొలగించాడు. చట్టం ఉల్లంఘించాడు కాబట్టి నేరం దొరికింది. 1868 ఫిబ్రవరి 24న ప్రతినిధుల సభ 126–47తో అభిశంసించింది. తర్వాత పదకొండు అభియోగాలు రాశారు.

అప్పుడు సెనెట్‌లో 54 మంది. కావలసింది 36. రిపబ్లికన్లకు అంతకు మించిన బలం ఉంది. మే 16న మొదటి ఓటు: 35–19. మే 26న మరో రెండు అభియోగాలకూ అవే అంకెలు. మిగతావాటికి ఓటింగే పెట్టలేదు. కాన్సస్ సెనెటర్ ఎడ్మండ్ రాస్‌తో సహా ఏడుగురు రిపబ్లికన్లు పార్టీ గీత దాటారు. వారి కారణాల మీద చరిత్రకారులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. కొందరు వారిలో రాజ్యాంగ నిష్ఠ చూస్తారు. మరికొందరు, జాన్సన్ పోతే గద్దెనెక్కే సెనెట్ తాత్కాలిక అధ్యక్షుడు బెంజమిన్ వేడ్ అంటే వారికి గిట్టకపోవడాన్ని, పదవుల బేరాలను చూపిస్తారు. తాను గద్దెనెక్కే అవకాశం ఉన్న వేడ్ కూడా ‘దోషి’ అనే ఓటేశాడని మరచిపోకూడదు.

ఈ కేసు మీద తీర్పు కాలంతో పాటు మారుతూ వచ్చింది. ఒక విధాన పోరాటాన్ని నేరం ముసుగులో నడిపారని, జాన్సన్ పడిపోయి ఉంటే అధ్యక్ష పదవి కాంగ్రెస్ కింద నలిగిపోయేదని చాలాకాలం చెప్పుకున్నారు. 1926లో సుప్రీంకోర్టు అలాంటి చట్టాలు చెల్లవని అనడం ఆ వాదానికి బలమిచ్చింది. నల్లవారి హక్కుల కోణంలో ఆ కాలాన్ని తిరిగి చదివినవారు మాత్రం వేరే మాట చెబుతారు. జాన్సన్ చేసినది నిజంగానే పెద్ద ద్రోహం, కాంగ్రెస్ చేసిన పొరపాటు దాన్ని సూటిగా చెప్పకుండా స్టాంటన్ ఉద్యోగం చుట్టూ కేసు కట్టడమే అంటారు. నాకు ఈ రెండో మాటలో ఎక్కువ పస కనిపిస్తుంది. నేరం అనదగ్గ చిన్న తప్పు కోసం వెతికి, నేరం అనలేని పెద్ద తప్పును వదిలేయడం ఆ తర్వాత కూడా మళ్లీ మళ్లీ జరిగింది.

## అభిశంసనకు ముందే వెళ్లిపోయిన నిక్సన్

వాటర్‌గేట్ వ్యవహారంలో (ప్రత్యర్థి పార్టీ కార్యాలయంలో చొరబాటు, దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం) 1974 జులై 27 నుంచి 30 మధ్య ప్రతినిధుల సభ న్యాయ వ్యవహారాల సంఘం నిక్సన్ మీద మూడు అభియోగాలను ఆమోదించింది. అది సంఘం నిర్ణయం, సభ నిర్ణయం కాదు. సుప్రీంకోర్టు ఆదేశంతో బయటపడిన టేపులో, దర్యాప్తును పక్కదారి పట్టించమని ఆయనే చెప్పిన మాటలు ఆగస్టు 5న లోకానికి తెలిశాయి. సెనెట్‌లో ఓట్లు లేవని సొంత పార్టీ పెద్దలే వచ్చి చెప్పారు. ఆగస్టు 9న రాజీనామా చేశారు. పూర్తి సభ అభిశంసన ఓటు వేయవలసిన పని పడలేదు. అమెరికా చరిత్రలో ఒక అధ్యక్షుణ్ని దించడంలో ఈ ప్రక్రియ నిజంగా ఫలించింది ఈ ఒక్కసారే, అది కూడా ఓటు దాకా వెళ్లకుండా.

## ఎక్కువగా చిక్కింది న్యాయమూర్తులే

1797 నుంచి 2024 వరకు ప్రతినిధుల సభ 21 మందిని 22 సార్లు అభిశంసించింది. వారిలో 15 మంది న్యాయమూర్తులు, ముగ్గురు అధ్యక్షులు, ఇద్దరు మంత్రులు, ఒక సెనెటర్. సెనెట్ దోషులుగా తేల్చి తొలగించింది ఎనిమిది మందిని. ఆ ఎనిమిది మందీ న్యాయమూర్తులే.

కారణం సులువైనదే. మంత్రి తప్పు చేస్తే అధ్యక్షుడు ఒక్క సంతకంతో పంపేయగలడు. అధ్యక్షుడికి ఎన్నికల గడువు ఉంది. ఫెడరల్ న్యాయమూర్తికి మాత్రం జీవితాంతం ఉద్యోగం. జైలుకు పంపినా ఉద్యోగం తనంతట తాను పోదు. నెవాడా న్యాయమూర్తి హ్యారీ క్లెయిబోర్న్ కథ దీనికి సరైన ఉదాహరణ. పన్ను ఎగవేత కేసులో శిక్ష పడి 1986లో జైలుకు వెళ్లాడు. రాజీనామా చేయనన్నాడు. జైలు గదిలో ఉండగానే న్యాయమూర్తి జీతం అందుతూ వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో సెనెట్ తొలగించేదాకా అది ఆగలేదు. ఈ కేసుతోనే, 100 మందీ కూర్చోకుండా ఒక చిన్న సంఘం సాక్ష్యాలు విని నివేదించే పద్ధతి మొదలైంది.

దీనికి తలకిందుల కథ ఫ్లోరిడా న్యాయమూర్తి ఆల్సీ హేస్టింగ్స్‌ది. లంచం కేసులో 1983లో జ్యూరీ ఆయనను నిర్దోషిగా వదిలేసింది. తర్వాత న్యాయమూర్తుల సంఘం ఒకటి విచారించి, ఆ కేసులోంచి బయటపడటానికి ఆయన అబద్ధపు సాక్ష్యం చెప్పాడని తేల్చింది. 1988లో ప్రతినిధుల సభ 413–3తో అభిశంసించింది, 1989లో సెనెట్ తొలగించింది. కోర్టు వదిలిన మనిషిని సెనెట్ శిక్షించవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. అభిశంసన క్రిమినల్ కేసు కాదు, దాని కొలతలు వేరు అన్నది జవాబు. అయితే సెనెట్ ఆయనకు అనర్హత విధించే ఓటు వేయలేదు. ఆ సందులోంచి ఆయన 1992లో ప్రతినిధుల సభకే ఎన్నికయ్యాడు. తనను అభిశంసించిన సభలోనే 2021లో చనిపోయేవరకు సభ్యుడిగా ఉన్నాడు. తొలగింపు వేరు, అనర్హత వేరు అని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. ఇప్పటివరకు అనర్హత పడింది ముగ్గురికే.

ఇంకో న్యాయమూర్తి హాల్‌స్టెడ్ రిట్టర్‌ది 1936 నాటి కేసు. విడివిడిగా చూసిన ఆరు అభియోగాల్లో ఒక్కటీ నిలవలేదు. వాటన్నిటినీ కలిపి ‘కోర్టు పరువు తీశాడు’ అన్న ఏడోదానికి 56–28 వచ్చాయి. 84 మందిలో సరిగ్గా మూడింట రెండు వంతులు. ఏ ఒక్క తప్పూ రుజువు కాకుండా మొత్తంగా దోషి ఎలా అవుతాడని అప్పుడే కొందరు సెనెటర్లు అభ్యంతరం చెప్పారు. దానికి తృప్తికరమైన సమాధానం నాకు ఇంతవరకు కనిపించలేదు.

## నేరం తప్పనిసరా? రెండు పక్షాలు

మొదటి పక్షం ప్రకారం, చట్టంలో నేరంగా రాసినది ఏదో ఒకటి ఉండాలి, లేదా దానికి చాలా దగ్గరగానైనా ఉండాలి. లేకపోతే అభిశంసన అవిశ్వాస తీర్మానంగా మారిపోతుంది, మాడిసన్ భయపడినది జరుగుతుంది. చేజ్ విచారణలో ఆయన న్యాయవాదులు, 2020లో ట్రంప్ న్యాయవాదులు చెప్పింది స్థూలంగా ఇదే.

రెండో పక్షం ప్రకారం, రాజ్యాంగం రాసిన నాటికి ఫెడరల్ నేరాల చట్టమే లేదు కాబట్టి ఆ మాటలు శిక్షాస్మృతిని ఉద్దేశించి రాసినవి కాలేవు. అధికారం వల్లే సాధ్యమయ్యే తప్పులు కొన్ని ఉంటాయి. మామూలు మనిషి వాటిని చేయలేడు, అందుకే ఏ చట్టంలోనూ వాటికి పేరు ఉండదు. మేసన్ మనసులో ఉన్న వారెన్ హేస్టింగ్స్ అలాంటివాడే.

మూడో మాట ఒకటి 1970లో, అప్పటికి ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల నాయకుడైన జెరాల్డ్ ఫోర్డ్ అన్నారు. ఆయా కాలంలో ప్రతినిధుల సభ మెజారిటీ దేన్ని అభిశంసించదగిన తప్పు అనుకుంటే అదే తప్పు అని. చాలామందికి ఇది బరితెగింపుగా వినిపిస్తుంది. జరిగినదాన్ని వర్ణించిన మాటగా తీసుకుంటే మాత్రం కాదనడం కష్టం.

క్లింటన్, ట్రంప్ కేసులను పక్కపక్కన పెడితే రెండు పక్షాల బలహీనతా తెలుస్తుంది. క్లింటన్ మీద ఆరోపణ ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం, న్యాయానికి అడ్డుపడటం. శ్వేతసౌధంలో పనిచేసిన యువతితో సంబంధాన్ని దాచడానికి చెప్పిన అబద్ధం అది. నేరం అనే కొలతకు సరిపోతుంది, దేశానికి చేసిన ద్రోహం అనే కొలతకు చాలామంది దృష్టిలో సరిపోదు. ట్రంప్ మీద 2019 ఆరోపణ దీనికి అటువైపుది. ఉక్రెయిన్‌కు కాంగ్రెస్ మంజూరు చేసిన దాదాపు 39 కోట్ల డాలర్ల సైనిక సాయం ఆపి, ఎన్నికల్లో తన ప్రత్యర్థి కాబోయే బైడెన్ మీద దర్యాప్తు ప్రకటించమని ఆ దేశాధ్యక్షుణ్ని ఒత్తిడి చేశాడని. అధికార దుర్వినియోగం అనే కొలతకు సరిపోతుంది, ఏ నేరం అంటే మాత్రం అభియోగంలో పేరు లేదు. రెండు పార్టీలూ (క్లింటన్ డెమొక్రాట్, ట్రంప్ రిపబ్లికన్) ఇరవై ఏళ్లలో వాదనలు మార్చుకున్నాయి. 1999లో పది మంది రిపబ్లికన్లు మొదటి అభియోగం మీద క్లింటన్‌ను నిర్దోషి అన్నారు. 2020లో మిట్ రోమ్నీ ఒక్కరే సొంత పార్టీ అధ్యక్షుణ్ని దోషి అన్నారు, చరిత్రలో అలా చేసిన తొలి సెనెటర్ ఆయన. 2021లో, కాంగ్రెస్ భవనం మీద మూక దాడి తర్వాత, ఏడుగురు రిపబ్లికన్లు దోషి అన్నారు. ఏ అధ్యక్షుడి మీదా సొంత పార్టీ నుంచి ఇన్ని ఓట్లు పడలేదు.

## పదవి వదిలాక కూడా విచారించవచ్చా?

2021 విచారణ నాటికి ట్రంప్ పదవీకాలం ముగిసింది. పదవే లేనివారిని పదవి నుంచి ఎలా తొలగిస్తారన్న వాదనతో చాలామంది రిపబ్లికన్లు నిర్దోషి అన్నారు. సెనెట్ మాత్రం 56–44తో విచారణ చెల్లుతుందని ముందే తేల్చింది.

ఇందుకు పాత ఉదాహరణ 1876 నాటిది. సైనిక స్థావరం ఫోర్ట్ సిల్‌లో దుకాణం నడిపే హక్కు కోసం ముడుపులు తీసుకున్నాడని యుద్ధ మంత్రి విలియం బెల్‌నాప్ మీద ఆరోపణ. ప్రతినిధుల సభ ఓటు వేయబోతున్న రోజు పొద్దున్నే ఆయన అధ్యక్షుడు గ్రాంట్ చేతికి రాజీనామా ఇచ్చేశాడు. సభ అయినా అభిశంసించింది. సెనెట్ 37–29తో విచారణ తన పరిధిలోదే అంది. తుది ఓటులో మెజారిటీ దోషి అన్నా మూడింట రెండు వంతులు రాలేదు. నిర్దోషి అన్నవారిలో ఎక్కువమంది చెప్పిన కారణం ఆయన తప్పు చేయలేదని కాదు, రాజీనామా చేసినవాడి మీద అధికారం లేదని. పరిధి ఉందని మెజారిటీ తేల్చినా, పరిధి లేదనుకున్న మైనారిటీ చివరి ఓటులో మళ్లీ అదే కారణంతో విడిపించగలదు. 145 ఏళ్ల తర్వాత ట్రంప్ విషయంలో మళ్లీ ఇదే జరిగింది.

పదవి వదిలినవారి విచారణకు అర్థం ఉందనేవారు అనర్హతను చూపిస్తారు. రాజీనామాతో దాన్ని తప్పించుకోనిస్తే ఆ శిక్ష రాజ్యాంగంలో ఉండి లాభమేమిటంటారు. వద్దనేవారు మామూలు కోర్టులు ఉన్నాయి, ఓటర్లు ఉన్నారు అంటారు.

## విచారణే జరపకపోతే?

బెల్‌నాప్ తర్వాత దాదాపు 148 ఏళ్లకు మరో మంత్రి అభిశంసనకు గురయ్యారు. 2024 ఫిబ్రవరి 13న, 214–213తో, అంటే ఒక్క ఓటు తేడాతో, స్వదేశ భద్రతా మంత్రి అలెహాండ్రో మయోర్కస్. సరిహద్దు చట్టాలను కావాలనే అమలు చేయలేదన్నది ఆరోపణ. ఇది విధానం మీద అసమ్మతి మాత్రమేనని డెమొక్రాట్లు, చట్టాన్ని ధిక్కరించడమేనని రిపబ్లికన్లు వాదించారు. ఏప్రిల్ 17న సెనెట్ మెజారిటీ ఆ అభియోగాలు రాజ్యాంగం చెప్పిన తప్పుల కిందికి రావని తీర్మానించి, ఒక్క సాక్ష్యం వినకుండా ముగించేసింది.

సెనెట్‌కు ఆ హక్కు ఉందా? రాజ్యాంగం విచారించే అధికారం సెనెట్‌దే అంది కానీ, విచారించి తీరాలి అనలేదు. పూర్తి సభ బదులు సంఘం సాక్ష్యాలు వినడం విచారణ కాదంటూ, తొలగింపుకు గురైన మిసిసిపీ న్యాయమూర్తి వాల్టర్ నిక్సన్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఈయనకూ అధ్యక్షుడు నిక్సన్‌కూ సంబంధం లేదు. విచారణ ఎలా ఉండాలో నిర్ణయించేది సెనెట్టే, అందులో కోర్టులు తల దూర్చలేవు అని 1993లో కోర్టు చెప్పింది. ఎలా విచారించాలన్నది సెనెట్ ఇష్టమైతే, విచారించాలా వద్దా అన్నది కూడా దాని ఇష్టమేనా అన్న ప్రశ్నకు మాత్రం ఆ తీర్పులో జవాబు లేదు. 2024 ఏప్రిల్‌లో సెనెట్ తానే ఒక జవాబు ఇచ్చుకుంది. దాన్ని తర్వాతి సెనెట్‌లు పాటిస్తాయా లేదా అన్నది తర్వాతి అభిశంసనతో గానీ తెలియదు.